చేతి ఫైలా, మిషను ఫైలా? - పంటి వేరు వైద్యంలో పనిముట్ల సంగతి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలకు గుండె డాక్టర్లను, షుగరు డాక్టర్లను, కళ్ల డాక్టర్లను పిలవడం రివాజు. పంటి డాక్టరును పిలిచే సంఘాలు బహు తక్కువ. నన్ను పిలిచినందుకు సంతోషం. కార్యదర్శి గారు నాకు ఫోను చేసి ఒకే ఒక ప్రశ్న వేశారు. "డాక్టరు గారూ, పంటి ఆసుపత్రికి వెళ్తే చేతితో చేసే రూట్ కెనాల్‌కి ఒక రేటు, మిషనుతో చేసే రూట్ కెనాల్‌కి ఇంకో రేటు చెబుతున్నారట. ఈ రెండింటిలో ఏది మంచిదో మీరు తేల్చి చెప్పాలి" అన్నారు. ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నారు. ఆ రెండు రేట్లూ విని, ఎటూ తేల్చుకోలేక, "ఎందుకొచ్చిన గొడవ, పీకెయ్యండి" అని పన్ను తీయించేసుకున్న సభ్యులు కూడా ఉన్నారట. నిజం చెప్పాలంటే ఈ రెండో మాటే నన్ను ఇంత దూరం రప్పించింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ సర్వీసులో దంతవైద్యుడిగా, అందులో ఎక్కువ కాలం విద్యార్థులకు పాఠం చెప్పేవాడిగా పనిచేసి మీలాగే పెన్షను తీసుకుంటున్నాను. నాకు అమ్ముకోవలసిన మిషను లేదు, నడపవలసిన క్లినిక్కూ లేదు. కాబట్టి ఉన్నదున్నట్లు చెప్పడానికి నాకు అడ్డేమీ లేదు.

ముందుగా ఈ వైద్యం ఏమిటో రెండు మాటల్లో మనవి చేస్తాను. మన పన్ను బయటికి రాయిలా కనిపించినా లోపల బోలు. ఆ బోలులో మెత్తని గుజ్జు ఉంటుంది. నరమూ, నెత్తురూ అందులోనే. మన ఇళ్లలో "నరం తీశారు" అంటామే, తీసేది ఈ గుజ్జునే. పైన ఒక చిన్న గదిలా ఉండి, అక్కడి నుంచి వేళ్లలోకి సన్నని కాలువలుగా దిగుతుంది. పిప్పి ఆ గదిదాకా చేరితే సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి, గుజ్జు చచ్చిపోతుంది, వేరు కొస దాటి ఎముకలో చీము పడుతుంది. 1965లో అమెరికాలో కాకెహాషీ అనే శాస్త్రజ్ఞుడు మరి ఇద్దరితో కలిసి ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. పుట్టినప్పటి నుంచి ఒక్క క్రిమి కూడా తగలకుండా పెంచిన ఎలుకల పళ్లకు గుజ్జుదాకా రంధ్రం చేసి వదిలేస్తే, అందులో ఆహారం ఇరుక్కున్నా సరే గుజ్జు చావలేదు సరికదా, మానడం మొదలుపెట్టింది. మామూలు ఎలుకలకు అదే పని చేస్తే గుజ్జు కుళ్లిపోయి చీము పట్టింది. అంటే శత్రువు ఆ రంధ్రం కాదు, క్రిమి. ఇది గుర్తుంచుకోండి. పనిముట్ల గొడవంతా చివరికి ఈ మాట దగ్గరే తేలుతుంది.

ఇక పనిముట్లు. మీరంతా జీవితమంతా ఫైళ్లతోనే గడిపారు. నేనూ అంతే. కాకపోతే మీ ఫైళ్లు టేబులు మీద పేరుకునేవి, నా ఫైళ్లు పంట్లో దూరేవి. ఈ ఫైలు అంటే అసలు మన ఆకురాయే. కమ్మరి దగ్గరా వడ్రంగి దగ్గరా చూసిన ఆకురాయినే సూదంత సన్నగా చేశారనుకోండి. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే అమెరికన్ దంతవైద్యుడు గడియారం స్ప్రింగును అరగదీసి ఇలాంటి మొదటి పనిముట్టు తయారుచేశాడని మా పుస్తకాలు చెబుతాయి. ఆయనే తుపాకులకు కొత్తరకం మందుగుండు అమరిక కూడా కనిపెట్టాడు. ఒకే మనిషి రెండు చేతులా ఎంత విడ్డూరమైన పనులు చేశాడో చూడండి.

తరువాతి కాలంలో చేతి ఫైళ్లు మూడు రకాలుగా స్థిరపడ్డాయి. నలుచదరపు ఉక్కు తీగను మెలితిప్పితే వచ్చేది కె-ఫైలు. కెర్ అనే కంపెనీ తెచ్చింది కాబట్టి ఆ అక్షరం. ముక్కోణపు తీగను తక్కువ మెలికలతో తిప్పితే రీమరు. అది వడ్రంగి బర్మాలాగా తిప్పుతూ తొలిచేది. మూడోది హెడ్‌స్ట్రామ్ ఫైలు. దీన్ని మెలితిప్పరు, గుండ్రని తీగనే మర మీద చెక్కుతారు. చిన్న చిన్న గరాటాలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుంటుంది. పైకి లాగినప్పుడు ఇది బ్రహ్మాండంగా కోస్తుంది గానీ, లోపల గట్టిగా తిప్పితే విరిగి అక్కడే కూర్చుంటుంది. విద్యార్థులు మొదటి ఏడాది చేతికి తీసుకోగానే నేను చెప్పే మొదటి మాట ఇదే: హెడ్‌స్ట్రామును లాగు, తిప్పకు.

1950ల దాకా ఈ ఫైళ్లకు ఒక కొలత అంటూ లేదు. ఒక కంపెనీ మూడో నంబరు ఇంకో కంపెనీ మూడో నంబరుతో కలిసేది కాదు. 1958లో ఇంగిల్, లెవీన్ అనే ఇద్దరు దీనికొక పద్ధతి ప్రతిపాదించారు. ఆ పద్ధతే ఇవాళ్టికీ ప్రపంచమంతా నడుస్తోంది. పదిహేనో నంబరు ఫైలు అంటే కొస దగ్గర 0.15 మిల్లీమీటరు లావు. ఇరవై అంటే 0.20. కోసే భాగం 16 మిల్లీమీటర్ల పొడవు. మిల్లీమీటరుకు 0.02 చొప్పున పైకి పోనుపోను లావెక్కుతుంది. పిడికి రంగు ఉంటుంది: పదిహేను తెలుపు, ఇరవై పసుపు, ఇరవై అయిదు ఎరుపు, ముప్పై నీలం, ముప్పై అయిదు ఆకుపచ్చ, నలభై నలుపు. ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు డాక్టరు ట్రేలోకి ఓరకంట చూడండి. ఆ రంగుల పిడులు కనిపిస్తాయి. అన్నిటికన్నా సన్నవి ఆరు, ఎనిమిది, పది నంబర్లు. పదో నంబరు కొస మిల్లీమీటరులో పదోవంతు, అంటే ఇంచుమించు ఒక వెంట్రుక లావు.

చేతి ఫైలుకున్న గొప్ప గుణం ఏమిటంటే, లోపల ఏం జరుగుతోందో వేలి కొసకు చెబుతుంది. కాలువ ఎక్కడ వంక తిరిగింది, ఎక్కడ సున్నం కట్టింది, ఎక్కడ మెత్తని గుజ్జు తగిలింది, అన్నీ తెలుస్తాయి. కన్ను పనిచేయని చోట పనిచేసే వైద్యమిది. ఇక దానికున్న లోపం ఉక్కుదే. సన్నగా ఉన్నంత సేపు వంగుతుంది. నంబరు పెరిగి లావెక్కేకొద్దీ వంగడం మానేసి నిటారుగా నిలబడాలని చూస్తుంది. మన దవడ పళ్ల వేళ్లేమో వంకరగా ఉంటాయి. వంకర గొట్టంలోకి ఇనుప ఊచ దూర్చినట్లు అది ఒక పక్క గోడనే కొరుకుతుంది. కాలువ అసలు దారి తప్పి గోడలో మెట్టు పడుతుంది. ఆ మెట్టు దాటి ఇక ఏ ఫైలూ దిగదు. మరీ బలం పెడితే వేరుకు పక్కనుంచి రంధ్రమే పడుతుంది. నేర్పున్న చేతికి దీన్ని తప్పించే మార్గాలున్నాయి. 1985లో రోన్ అనే ఆయన ఫైలును కుడివైపు కొద్దిగా తిప్పి ఇరికించి, కిందికి నొక్కిపట్టి ఎడమవైపు తిప్పుతూ కోసే పద్ధతి చెప్పాడు. నేర్చుకున్నవాడికి అది వరమే. కానీ నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క దవడ పంటికి గంటకు పైగా వేళ్లు నొప్పి పుట్టేలా తిప్పాలి.

అందుకే మిషను కోసం వెతుకులాట చాలా పాతది. 1889లోనే బోస్టన్‌లో రోలిన్స్ అనే వైద్యుడు నిమిషానికి 100 చుట్లకు మించకుండా తిరిగే యంత్రం చేశాడు. 1964లో జీరోమాటిక్ అనేది వచ్చింది. అది ఫైలును పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు ఆడిస్తుంది. చేతి నొప్పి తగ్గింది గానీ ఫలితం మెరుగుపడలేదు. కారణం తేలికే. తిప్పేది చేయి అయినా మిషను అయినా లోపల తిరిగేది అదే మొండి ఉక్కు. ఆ ఉక్కుతో చేయి పది నిమిషాల్లో చేసే పొరపాటును మిషను ఒక నిమిషంలో చేసింది.

మారవలసింది మిషను కాదు, లోహం. ఆ లోహం దంతవైద్యుల దగ్గర పుట్టలేదు. అమెరికా నౌకాదళపు ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతంలో నికెలు, టైటానియం కలిపి ఒక మిశ్రమం చేశాడు. ఆ రెండు లోహాల పేర్లకు పరిశోధనశాల పేరులోని తొలి అక్షరాలు చేర్చి నిటినాల్ అన్నారు. దాన్ని ఎంత వంచినా వదలగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ముందు దీన్ని ఎత్తుపళ్లు సరిచేసే తీగలుగా వాడారు. 1988లో వాలియా, బ్రాంట్లీ, గర్స్టీన్ అనే ముగ్గురు ఆ తీగనే చెక్కి పదిహేనో నంబరు ఫైలు చేసి చూశారు. ఉక్కు ఫైలుకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వంగింది. మెలితిప్పితే ఉక్కుకన్నా ఆలస్యంగా విరిగింది. 1990లలో ఇటువంటి ఫైళ్లను మోటారుకు తగిలించి తిప్పడం మొదలైంది. మన ఆసుపత్రుల బోర్డుల మీద "రోటరీ రూట్ కెనాల్" అని రాస్తున్నది దీన్నే.

దీని మోటారు చాలా నెమ్మదైనది. పిప్పి తవ్వేటప్పుడు కుయ్‌మని అరిచే టర్బైను నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. ఈ ఫైలు తిరిగేది మూడు వందల పైచిలుకు మాత్రమే. కాబట్టి మిషను అనగానే ఆ అరుపును తలచుకుని భయపడనక్కరలేదు. ఇంకో తేడా వాలులో ఉంది. చేతి ఫైలు మిల్లీమీటరుకు 0.02 లావెక్కుతుందన్నాను. రోటరీ ఫైళ్లు 0.04, 0.06 చొప్పున కూడా పెరుగుతాయి. 2001లో వచ్చిన ప్రోటేపర్ అనే రకంలో ఒకే ఫైలు పొడవునా ఈ వాలు మారుతూ ఉంటుంది. దీనివల్ల కాలువ పైన విశాలంగా, కింద సన్నగా గరాటు ఆకారంలో తయారవుతుంది. ఆ గరాటు ఎందుకంటే, అందులో నీళ్లు దిగాలి. ఆ నీళ్ల సంగతికి మళ్లీ వస్తాను.

నేను పనిచేసిన విభాగంలో ఈ ఫైళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మేము ఒక పరీక్ష పెట్టుకున్నాం. వంకర కాలువ ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మలు దొరుకుతాయి. లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. సగం మంది విద్యార్థులకు ఉక్కు చేతి ఫైళ్లు, సగం మందికి రోటరీ ఫైళ్లు ఇచ్చాం. ఉక్కుతో చేసినవాళ్ల దిమ్మల్లో ఇరవై అయిదో నంబరు దాకా వంక బాగానే నిలిచింది. ముప్పై దాటేసరికి చాలా దిమ్మల్లో కాలువ నిటారు కాసాగింది, కొన్నింటిలో మెట్టు పడింది. రోటరీతో చేసినవాళ్ల కాలువలు, చేయి తిరగనివాళ్లవి కూడా, అసలు వంకనే పట్టుకుని దిగాయి. టైము చాలా ఆదా అయింది. కానీ ఆ పూటే మూడు ఫైళ్లు విరిగి దిమ్మల్లో ఉండిపోయాయి. విరిగేముందు ఒక్కటీ హెచ్చరించలేదు. ఉక్కు ఫైలు అలసిపోతే దాని మెలికలు విప్పుకుంటాయి. పైకి తీసి చూస్తే తెలుస్తుంది, పారేస్తాం. నికెలు టైటానియం పైకి చూడటానికి కొత్తదానిలాగే ఉండి, లోపల టప్పున తెగిపోగలదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగుతుందే, వంకర కాలువలో తిరిగే ప్రతి చుట్టుకూ అదే జరుగుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే ముందుకూ వెనక్కూ ఆడే పద్ధతి. 2008లో యారెడ్ అనే వైద్యుడు, ఫైలును పూర్తిగా తిప్పేబదులు ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ తిప్పితే ఒక్క ఫైలుతోనే పని పూర్తవుతుందని చూపించాడు. తరువాత మూడేళ్లకు రెసిప్రాక్, వేవ్‌వన్ అనే పేర్లతో ఆ ఫైళ్లు బజారులోకి వచ్చాయి. రెసిప్రాక్ 150 డిగ్రీలు కోసి 30 డిగ్రీలు వెనక్కి వస్తుంది. వేవ్‌వన్ 170 కోసి 50 వస్తుంది. లెక్క కడితే రెండింటికీ మిగిలేది 120. మూడు విడతలకు ఒక చుట్టు. ఫైలు ఎక్కడైనా ఇరుక్కునేలోగా వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి మెలిపడి తెగే ప్రమాదం తగ్గింది. ఈ మధ్య లోహాన్ని ప్రత్యేకంగా వేడిచేసి ఇంకా మెత్తగా చేసిన ఫైళ్లు వచ్చాయి. వాటిని వంచితే వంచినట్లే ఉంటాయి. చూస్తే పాతకాలపు వైద్యుడికి ఇదేం ఫైలురా అనిపిస్తుంది.

వేవ్‌వన్ తొలి రకంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఫైలు ఒక్క రోగికే వాడాలని కంపెనీ నియమం. దానికి తగ్గట్టు పిడి దగ్గర ఒక ప్లాస్టిక్ రింగు పెట్టారు. ఆటోక్లేవులో వేడిచేస్తే ఆ రింగు ఉబ్బి, ఫైలు మళ్లీ హ్యాండ్‌పీసులో ఎక్కదు. మనవాళ్ల చేతివాటం తెలిసే చేసినట్లుంది! బ్రిటన్‌లో 2007 నుంచి, చేతివైనా మిషనువైనా, ఈ ఫైళ్లన్నీ ఒక్క రోగికే వాడి పారేయమని ప్రభుత్వమే చెప్పింది. అక్కడ భయం పిచ్చి ఆవుల జబ్బు గురించి. మన భయం అది కాకపోయినా, అలసిన ఫైలు విరుగుతుందన్న భయం చాలు.

ఇంతవరకు విన్నవారికి మిషనే గెలిచిందనిపిస్తుంది. ఇప్పుడు అసలు సంగతి వినండి. 2001లో జూరిక్‌లో పీటర్స్ బృందం నాలుగు రకాల నికెలు టైటానియం పద్ధతులను పోల్చి చూసింది. పీకిన దవడ పళ్లను సూక్ష్మ సి.టి. స్కానుతో ముందూ తరువాతా కొలిచారు. ఏ పద్ధతి వాడినా కాలువ గోడల్లో 35 శాతం, అంతకు మించి, ఫైలు తగలకుండానే ఉండిపోయింది! కాలువ గుండ్రంగా ఉండదు కదా. కొన్నిచోట్ల చింతగింజలా బల్లపరుపుగా, కొన్నిచోట్ల రెండు కాలువల మధ్య సందులా ఉంటుంది. గుండ్రంగా తిరిగే పనిముట్టు గుండ్రంగానే కోస్తుంది. మూలలు మిగిలిపోతాయి. 1998లో డాల్టన్ బృందం రోగుల పళ్లలోనే చూసింది. చేతి ఉక్కు ఫైళ్లతో చేసినా, తిరిగే నికెలు టైటానియం ఫైళ్లతో చేసినా, ఉత్త సెలైను నీళ్లతో కడిగితే క్రిములు తగ్గడంలో తేడా కనిపించలేదు. రెండింటితోనూ తగ్గాయి. రెండింటితోనూ పూర్తిగా పోలేదు.

అందువల్ల ఫైలు పని ఆకారం ఇవ్వడం, శుభ్రం చేసేది మందునీరు. ఈ సభలో ఇరిగేషన్ శాఖలో చేసిన మిత్రులుంటారు. కాలువకు పూడిక తీసి వాలు సరిచేసేది నీళ్లు పారడానికే కదా, పలుగూ పారా చూసి మురిసిపోవడానికి కాదు. మా కాలువలో పారించేది సోడియం హైపోక్లోరైటు. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవానికి తోబుట్టువు. అర శాతం నుంచి అయిదు శాతం దాకా బలంలో వాడతారు. చచ్చిన గుజ్జును కరిగిస్తుంది, క్రిములను చంపుతుంది. స్వీడన్‌లో బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు 1981లో ఫైళ్లతో, సెలైనుతో క్రిములు నూరు నుంచి వెయ్యి రెట్లు తగ్గుతాయని, అయినా కాలువ నిర్మలం కావడం కష్టమని చూపించారు. 1983లో అర శాతం హైపోక్లోరైటుతో ఫలితం అంతకన్నా మెరుగని చూపించారు. దీనితోపాటు ఫైలు రాపిడికి గోడకు అంటుకున్న పొడిని వదిలించడానికి ఇ.డి.టి.ఎ. అనే మందు పోస్తారు. అల్ట్రాసోనిక్ సూదితో ఆ నీటిని కదిలిస్తే మూలల్లోకి ఇంకా బాగా దూరుతుంది. 2010 ప్రాంతంలో ఇజ్రాయెల్ నుంచి జల్లెడగొట్టం లాంటి ఫైలు ఒకటి వచ్చింది. మధ్యలో నీరు పారుతూనే గోడలకు ఒదిగిపోతుంది. ఆలోచన చక్కనిది. అదీ నూటికి నూరు పాళ్లూ తాకదు.

హైపోక్లోరైటు ఘాటైన మందు. గొంతులోకి, చిగురు మీదికి పోకూడదు. లాలాజలం పంట్లోకి రాకూడదు. అందుకు పంటి చుట్టూ రబ్బరు పల్చని షీటు కట్టాలి. దీన్ని 1864లోనే బార్నమ్ అనే అమెరికన్ వైద్యుడు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ల తరువాత కూడా మన దగ్గర చాలాచోట్ల లక్షల ఖరీదు మోటారు ఉంటుంది గానీ ఆ రబ్బరు షీటు కనిపించదు. నా మటుకు నాకు, రబ్బరు షీటు కట్టి చేతి ఫైళ్లతో చేసే వైద్యుడి దగ్గరికే నా ఇంటివాళ్లను పంపుతాను. షీటు లేకుండా మిషనుతో చేసేవాడి దగ్గరికి పంపను.

మా బంధువు ఒకాయన సంగతి చెబుతాను. పై దవడ మొదటి పెద్ద పంటికి ఒక ఆసుపత్రిలో సరికొత్త మిషనుతో వేరు వైద్యం చేయించుకున్నారు. ఎక్స్‌రేలో మూడు కాలువలూ అందంగా నిండి ఉన్నాయి. అయినా ఏడాదిగా నమిలితే నొప్పి. యాంటీబయాటిక్ మింగితే తగ్గడం, మానితే రావడం. ఆ పంటిలో చాలామందికి నాలుగో కాలువ ఉంటుంది. ముందు వేరులో మొదటి కాలువ పక్కనే గోడ చాటున దాక్కుని ఉంటుంది. నా శిష్యురాలు ఒకామె మైక్రోస్కోపు కింద దాన్ని వెతికి పట్టుకుంది. ఎనిమిదో నంబరు చేతి ఫైలుతో దారి తీసింది, కడిగింది, నింపింది. నొప్పి పోయింది. మొదటి ఆసుపత్రి మిషనులో దోషమేమీ లేదు. మిషను తనకు చూపించిన కాలువనే శుభ్రం చేస్తుంది, చూపించనిదాన్ని వెతకదు.

ఇప్పుడు మన వయసువాళ్ల విషయం. వయసు పెరిగేకొద్దీ పన్ను లోపల గోడలు మందమెక్కుతాయి, గది కుంచించుకుపోతుంది, కాలువ దారంలా సన్నబడుతుంది. పాతికేళ్ల మనవడి పంట్లో సులువుగా దిగే ఫైలు తాతగారి పంట్లో దిగదు. అటువంటి చోట ముందుగా మోటారు ఫైలు పెడితే ఇరుక్కుని విరగడమే. ఆరు, ఎనిమిది, పది నంబర్ల చేతి ఫైళ్లతో మెల్లగా దారి చేసుకుని, ఆ దారి నునుపయ్యాకనే మిషను దిగాలి. ఇంకోవైపు, నోరు తెరిచి గంటన్నర పడుకోవడం మనకు కష్టం. నడుము, మెడ, షుగరు ఉన్నవారికి టైముకు తినాలనే తొందర, ప్రోస్టేటు ఉన్నవారికి ఇంకో తొందర. దారి పడ్డాక మిషను పని చాలా త్వరగా ముగుస్తుంది. ఈ ఒక్క కారణానికే మన వయసులో మిషనుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా దండగ కాదంటాను. అంటే కార్యదర్శి గారి ప్రశ్నకు నా జవాబు "చేయా, మిషనా" అని కాదు. చేయి ముందు, మిషను తరువాత, నీళ్లు మొదటి నుంచి చివరిదాకా.

పీకించుకోవడం తేలిక అనుకునేవారికి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎముకలు గుల్లబారాయని చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, వారానికో మాత్రో ఏడాదికో ఇంజెక్షనో తీసుకుంటున్నారు. అలెండ్రొనేటు, జోలెడ్రోనిక్ యాసిడ్ వంటివి. మంచి మందులే, మానవద్దు. కానీ ఇవి వాడేవారిలో పన్ను పీకాక దవడ ఎముక మానకుండా బయటపడి చచ్చిపోవడం అరుదుగా జరుగుతుందని 2003 నుంచి వైద్యలోకానికి తెలుసు. కాన్సరుకు పెద్ద మోతాదులో వాడేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అటువంటి పన్నును పీకేకంటే వేరు వైద్యం చేసి వేరును అక్కడే ఉంచడం మేలు. రిటైరైన పంతులమ్మ గారొకరు కింది దవడ పన్ను పీకమని నా దగ్గరికి వచ్చారు. మందుల చీటీ చూపమంటే, "పంటికీ మోకాళ్ల డాక్టరు చీటీకీ సంబంధమేమిటండీ" అన్నారు. అందులో జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షను ఉంది. కాలువలు సూది కూడా దూరనంత సన్నం. రెండు పూటలు కూర్చోబెట్టి, మొదటి పూటంతా ఎనిమిది, పది నంబర్ల చేతి ఫైళ్లతోనే దారి చేశాను. రెండో పూట మిషను ఫైలు పావుగంటలో పని ముగించింది. పై భాగం పెద్దగా మిగలకపోయినా కాపు వేశాం. ఆవిడ ఇప్పటికీ ఆ పక్కనే నములుతున్నారు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారు కూడా పన్ను కోసమని తమంతట తాము మానకండి. వేరు వైద్యంలో పీకినంత గాయం ఉండదు. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు కుర్చీ ఎక్కకముందే చెప్పాలి. కాలువ పొడవు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం పెదవికి తగిలించి వాడతారు. ఏది వాడాలో డాక్టరు నిర్ణయించుకుంటాడు.

రేటు చెప్పినప్పుడు మొహమాటపడకుండా అడగండి. రబ్బరు షీటు కడతారా? ఏ మందుతో కడుగుతారు? నా పంటికి ఎన్ని కాలువలున్నాయి, అన్నీ దొరికాయా? ఫైలు కొత్తదా? కాపు ఖర్చు ఇందులోనే ఉందా? ఈ చివరిది మరువకండి. 2002లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశీలనలో, వేరు వైద్యం అయ్యాక కాపు వేయని పళ్లు కాపు వేసినవాటికన్నా ఆరు రెట్ల వేగంతో ఊడిపోయాయి. మిషనుకు డబ్బు పెట్టి కాపు దగ్గర చేయి ముడుచుకోవడం తిరకాసు పొదుపు.

సభలోంచి రెండు చీటీలు వచ్చాయి. ఒకాయన తన పంట్లో ఫైలు ముక్క విరిగి ఉండిపోయిందని, డాక్టరు ఆ మాట ఆలస్యంగా చెప్పాడని రాశారు. వెంటనే చెప్పవలసింది, అందులో మీ కోపం న్యాయమే. భయం మాత్రం అంత అక్కరలేదు. ఆ ముక్క శుభ్రమైన లోహం, తుప్పు పట్టి విషం చిమ్మేది కాదు. 2005లో మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పరిశీలనలో ముక్క ఉండిపోయిన పళ్లలో 91.8 శాతం, ముక్క లేని పళ్లలో 94.5 శాతం నయమయ్యాయి. వేరు కొసన ముందే చీము ఉన్న పళ్లలో మాత్రం తేడా కొంచెం ఎక్కువ: 86.7, 92.9. ముక్క కాదు చేటు చేసేది, ముక్క కింద కడగకుండా మిగిలిన భాగం. ఆరు నెలలకోసారి, తరువాత ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించి వేరు కొసన నల్లమచ్చ పెరుగుతోందా చూడండి. పెరగకపోతే దాని మానాన దాన్ని వదిలేయండి.

రెండో చీటీ ఒక కోడలు రాసినది. అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్లు, ఈ వయసులో రూట్ కెనాల్ ఎందుకని మిగతావాళ్లు అంటున్నారట. అమ్మా, వయసు అడ్డు కాదు. చూడవలసినవి వేరు. చిగురు పైన పన్ను కాపు పట్టేంత మిగిలిందా, పన్ను కదలకుండా ఉందా, అత్తగారు రెండు వేళ్లు పట్టేంత నోరు తెరిచి అరగంట చొప్పున రెండు మూడు పూటలు కూర్చోగలరా. ఆవిడ ఎక్స్‌రే, మందుల చీటీ తెచ్చారని రాశారు. భోజనాల తరువాత పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చుంటాను. ఫిల్ములు తెచ్చినవారు అక్కడికి రండి, వెలుతురులో పెట్టి ఒక్కొక్కటే చూద్దాం.